చిత్తూరు ఎండకి జంట ఎస్‌యూలు: పాత స్పోర్ట్స్ కారుకి కార్బరేటర్ ఎంచుకోవడం, ట్యూన్ చేయడం

మే నెలలో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే నా బండి సగంలో ఆగిపోయింది. 1967 నాటి ఎంజీబీ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు, 1798 సీసీ ఇంజిన్, గాలినీ పెట్రోలునీ కలిపి పంపే రెండు ఎస్‌యూ కార్బరేటర్లు. ముందు పికప్ తగ్గింది, తర్వాత మిస్సింగ్ మొదలైంది, ఆ తర్వాత పూర్తిగా కట్. వెనక లారీల హారన్లు. టెన్షన్‌లో బానెట్ ఎత్తి నేరుగా కార్బరేటర్ల కింది నట్ల మీద చెయ్యి వేశాను. అరగంట అటూ ఇటూ తిప్పాక స్టార్ట్ అయింది. నేను తిప్పినందువల్లే అనుకున్నాను. వారం తర్వాత అదే ఘాట్‌లో, అదే ఎండలో మళ్ళీ ఆగింది.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు అంబాసిడర్లు బాగుచేస్తూ తల నెరిసిన భాయ్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి తీసుకెళ్తే కార్బరేటర్ల వైపు చూడనైనా లేదు. "సార్, కార్బరేటర్‌ని ఆఖర్న అడగాల. ముందు డెల్కో మూత తీయండి" అన్నారు. డెల్కో అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. తప్పు అందులోని కండెన్సర్‌ది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కితే పని మానేస్తుంది. నెల ముందు వేసిన కొత్తదే. దాన్ని మార్చడానికి పది నిమిషాలు పట్టింది. నేను చెడగొట్టిన మిక్చర్, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు, సరిచేయడానికి పూట పట్టింది.

ఆ పూట భాయ్ పక్కన నిలబడి నేర్చుకున్నదీ, తర్వాత చిత్తూరులో మా ఇంటి షెడ్డులో చేసి చూసుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. మాన్యువల్లో ఉన్న అంకెలన్నీ ఇంగ్లండు చలికి, ఆ కాలపు పెట్రోలుకి రాసినవి. వాటితోనే మొదలుపెట్టాలి. కానీ బండి నడిచేది మన ఎండలో, మన పెట్రోలు మీద, మన ఘాట్‌లో కాబట్టి చివరి సెట్టింగ్ ఇక్కడే తేల్చుకోవాలి.

ఏ కార్బరేటర్ పెట్టాలి

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్, ఇంగ్లండు కంపెనీ. వీళ్ళ కార్బరేటర్ పనిచేసే తీరు అర్థమైతే ట్యూనింగ్ సగం వచ్చేసినట్టే. లోపల ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజిన్ గాలి ఎక్కువ లాగితే అది పైకి లేస్తుంది, తక్కువ లాగితే కిందికి దిగుతుంది. పిస్టన్ కింద సన్నగా కోసుగా దిగే సూది ఒకటి పెట్రోలు వచ్చే రంధ్రంలో, అంటే జెట్‌లో ఉంటుంది. పిస్టన్ లేచినకొద్దీ సూదిలో సన్నని భాగం జెట్ దగ్గరికి వస్తుంది, దాని చుట్టూ సందు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. స్లో స్పీడ్ నుంచి ఫుల్ రేస్ దాకా ఒకే జెట్, ఒకే సూది. అంబాసిడర్ మీద ఉన్నదీ ఈ జాతిదే. ఆ 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీ ఇంజిన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బి-సిరీస్ కుటుంబానివే. అందుకే ఎంజీబీ ముందు భాయ్ చెయ్యి ఎక్కడా తడబడలేదు.

వెబర్ డీసీఓఈ పద్ధతి వేరు. ఇటలీ సరుకు. ఒక్కో కార్బరేటర్‌కి రెండు గొంతులు. గాలి దారి సైజు మారదు, లోపల వేసే చోక్ ట్యూబు (గాలి దారిని ఇరుకు చేసే గొట్టం) ఎంతుంటే అంతే. స్లో స్పీడ్‌కి ఒక జెట్, మెయిన్ జెట్ ఒకటి, ఎయిర్ కరెక్టర్ ఒకటి, ఎమల్షన్ ట్యూబు ఒకటి, యాక్సిలరేటర్ పంపు జెట్ ఇంకొకటి. అన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. రేసు ఇంజిన్‌కి అదే బలం. ఇంట్లో చేసుకునేవాడికి మాత్రం ఒకటి మారిస్తే ఇంకొకటి పట్టు తప్పుతూ ఉంటుంది.

చూడ్డానికి వెబర్లు చాలా అందంగా ఉంటాయి. నాకూ ఆశ పుట్టింది. కానీ ఎంజీబీ హెడ్‌లో లోపలికి పోయే పోర్టులు రెండే, రెండేసి సిలిండర్లకి ఒకటి. నాలుగు గొంతులు పెట్టినా హెడ్‌లోకి వెళ్ళే దారులు రెండే కాబట్టి రెండు డీసీఓఈలు ఈ ఇంజిన్ మీద దండగ. పెడితే ఒకే ఒక్క 45 మిల్లీమీటర్ల డీసీఓఈ పెడతారు. అది కూడా క్యామ్ మార్చి, హెడ్ పని చేయించి, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తిప్పేవాళ్ళకి. స్టాండర్డ్ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్4 జంట సరిపోతుంది.

పెద్ద కార్బరేటర్ పెడితే పవర్ పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. గొంతు పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎమ్‌లో గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగ్గా తుంపర కాదు, యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి అప్పుడు కదులుతుంది. చిత్తూరు టౌన్‌లో, బంగారుపాళ్యం దగ్గర మామిడి ట్రాక్టర్ల వెనక పోయేటప్పుడు మనం వాడేది 1500 నుంచి 3500 ఆర్‌పీఎమ్. అక్కడ బండి బాగుండాలి. కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పమన్నా ఇదే చెబుతాను: ఇంజిన్‌కి సరిపోయే వాటిలో చిన్నది ఎంచుకోండి. బయట దొరికే నకలు వెబర్ కన్నా, బుష్‌లు వేసి బాగుచేసుకున్న పాత ఎస్‌యూ ఎంతో మేలు.

జెనిత్ స్ట్రాంబర్గ్ ఉన్న బండ్లు కూడా ఇదే దారిలో ట్యూన్ అవుతాయి. వాటి పిస్టన్ మీద రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దానికి చిల్లి పడితే పిస్టన్ లేవదు, ఇంకేం తిప్పినా ఉపయోగం ఉండదు. ముందు అది చూసుకోండి.

కార్బరేటర్ ముట్టుకునే ముందు

ఈ భాగం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ పని నిలబడేది దీని మీదే.

ట్యాపెట్లతో మొదలుపెట్టండి. నా ఇంజిన్‌కి 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. తర్వాత పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 థౌ, ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. హై కంప్రెషన్ ఇంజిన్ కాబట్టి ఆపి ఉంచి చూసే టైమింగ్ టీడీసీకి (ఇంజిన్ పిస్టన్ పై కొసకి చేరే చోటు) 10 డిగ్రీలు ముందు. మీ ఇంజిన్ వేరేదైతే మీ మాన్యువల్లో అంకె తీసుకోండి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ దగ్గర దగ్గరగా రావాలి. ఒకదాంట్లో బాగా పడిపోయి ఉంటే పని అక్కడే ఆపండి. కాలిన వాల్వ్‌ని ఏ కార్బరేటరూ బాగుచేయదు.

తర్వాత గాలి లీకు. ఇంజిన్ స్లోలో తిరుగుతుండగా మ్యానిఫోల్డ్ ప్యాకింగుల దగ్గర, కార్బరేటర్ కింది ప్యాకింగు దగ్గర సన్నగా నీళ్ళు చిమ్మండి. శబ్దం మారితే లీకు అక్కడే. కొందరు పెట్రోలు చిమ్మి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బి-సిరీస్‌లో కార్బరేటర్లూ సైలెన్సర్ మ్యానిఫోల్డూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్క చుక్క చాలు. పని మొత్తం ఆరుబయట చేయండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

విప్పి చూడటం

థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొడలొడ ఆడుతుంటే షాఫ్ట్ అరిగింది. ఆ సందులోంచి లెక్కలో లేని గాలి వెళ్తుంది. స్లో స్పీడ్ ఒకరోజు ఒకలా, మరునాడు ఇంకోలా ఉండే బండ్లలో ఎక్కువసార్లు తప్పు ఇదే. కొత్త షాఫ్ట్, కొత్త బుష్‌లు వేయించాలి. ఇది మంచి టర్నర్ చేతి పని. రెండు బుష్‌లూ ఒకే వరసలో రాకపోతే థ్రాటిల్ పట్టేస్తుంది.

పిస్టన్ డబ్బాలు తీసేటప్పుడు ముందుదానికి, వెనకదానికి వేరే గుర్తులు పెట్టండి. ఏ పిస్టన్ ఏ డబ్బాకో ఫ్యాక్టరీలోనే జత కలిపి ఉంటుంది, కలిసిపోకూడదు. లోపల థిన్నర్ గుడ్డతో తుడవండి. ఉప్పు కాగితం వద్దు. బిగించాక పైన డ్యాంపర్ (పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా ఆపే ఆయిలు కడ్డీ) తీసి, పిస్టన్‌ని వేలితో పూర్తిగా ఎత్తి వదిలేయండి. "టక్" మని లోహం లోహానికి తగిలిన శబ్దంతో కూర్చోవాలి. మెత్తగా, శబ్దం లేకుండా దిగితే సూది జెట్‌కి రాసుకుంటోందన్న మాట, జెట్‌ని సెంటర్ చేయాలి. జెట్ బిగించే పెద్ద నట్‌ని కాస్త వదులు చేసి, పిస్టన్‌ని కిందికి నొక్కి పట్టుకుని మళ్ళీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది. స్ప్రింగు మీద ఊగే సూదులున్న తర్వాతి మోడళ్ళకి ఈ సెంటరింగ్ అవసరం లేదు. జెట్ నోరు గుండ్రంగా కాక కోలగా అరిగి ఉంటే సూదీ జెట్టూ రెండూ కలిపి మార్చండి.

ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే బుడ్డి) లెవల్ చూడటానికి ఫ్లోట్ మూత తీసి తలకిందులుగా పట్టుకోండి. ఫ్లోట్ చేతికీ మూత అంచుకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా సందు ఉండాలి. అంత సైజు డ్రిల్ బిట్‌నే గేజ్‌గా పెట్టి చూడొచ్చు.

అసలు ట్యూనింగ్

బండిని కాణిపాకం దాకా నడిపి తీసుకొస్తాను. పోను రాను పాతిక కిలోమీటర్ల లోపే, కానీ ఇంజిన్ నీళ్ళతోపాటు ఆయిలు కూడా సరిగ్గా వేడెక్కుతుంది. షెడ్డులో పది నిమిషాలు స్లోలో తిప్పితే ఆ వేడి రాదు. వచ్చాక ఎయిర్ క్లీనర్లు తీసి, రెండు కార్బరేటర్లనీ కలిపే రాడ్ల క్లిప్పులు వదులు చేయండి. థ్రాటిల్ రాడ్, చోక్ రాడ్ రెండూ. ఇప్పుడు ఏ కార్బరేటర్‌కి ఆ కార్బరేటర్ విడిగా ఉంటుంది.

ఇంజిన్ ఆపి, మొదటి సెట్టింగ్ పెట్టుకోండి. థ్రాటిల్ స్క్రూలు పూర్తిగా వదులు చేసి, తగిలీ తగలనట్టు ఆనాక ఒక్కో చుట్టు బిగించండి. జెట్ నట్లు పైకి తిప్పి జెట్ నోరు బ్రిడ్జికి, అంటే గొంతులో పిస్టన్ కింద ఉండే దిమ్మెకి, సమానంగా తెచ్చి, అక్కడి నుంచి రెండు చుట్లు కిందికి దింపండి. నట్‌కి ఆరు ముఖాలు కాబట్టి పన్నెండు ముఖాలు. కిందికి దింపితే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పైకి ఎత్తితే లీన్ (పెట్రోలు తక్కువ). ఇది తలకిందులైతే రోజంతా వృథా, అందుకని నేను చాక్‌పీసుతో రేడియేటర్ మీద రాసి పెట్టుకుంటాను.

స్టార్ట్ చేయండి. ముందు గాలి సమానం చేయాలి, మిక్చర్ తర్వాతే. గాలి కొలిచే మీటరు ఉంటే మంచిదే. భాయ్ మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, ఇంకో కొస మొదటి కార్బరేటర్ నోటి దగ్గర, తర్వాత రెండోదాని దగ్గర, ప్రతిసారీ అదే లోతులో, అదే మూలలో పట్టుకున్నారు. "వినండి సార్" అని గొట్టం నా చెవికి ఇచ్చారు. ముందుదాంట్లో బుస్సుమని గట్టిగా, వెనకదాంట్లో అదే బుస్సు కాస్త సన్నగా. థ్రాటిల్ స్క్రూ పావు చుట్టు తిప్పారు. రెండూ ఒకే స్వరంలోకి వచ్చాయి. ఇంజిన్ అప్పటిదాకా కొట్టుకుంటున్నది ఒక్కసారిగా నెమ్మదించింది. ఆ మార్పు చెవికి తెలిసిన తర్వాత మీటరు మీద ఆధారపడటం బాగా తగ్గింది. స్లో స్పీడ్ 700 నుంచి 800 ఆర్‌పీఎమ్ మధ్య పెట్టండి.

ఇప్పుడు మిక్చర్. రెండు నట్లనీ ఒక్కో ముఖం చొప్పున, రెండింటినీ సమానంగా తిప్పుతూ, ఇంజిన్ ఎక్కడ అన్నింటికన్నా వేగంగా, నిలకడగా తిరుగుతుందో పట్టుకోండి. అక్కడి నుంచి వేగం తగ్గబోయేదాకా పైకి ఎత్తండి. తర్వాత ఒక్కో కార్బరేటర్‌ని విడిగా పరీక్షించాలి. కార్బరేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని పైకి నొక్కి పిస్టన్‌ని అంగుళంలో 32వ వంతు, అంటే మిల్లీమీటరు కూడా కాదు, అంత మాత్రమే ఎత్తండి. ఆర్‌పీఎమ్ పెరిగి అలాగే ఉండిపోతే ఆ కార్బరేటర్ రిచ్. వెంటనే పడిపోతే లీన్. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్ళీ మామూలుకి వస్తే సరిగ్గా ఉంది. ఎక్కువ ఎత్తితే ఏ ఇంజినైనా ఆగిపోతుంది. మొదట్లో నేను చేసిన పొరపాటు అదే, అన్నీ లీన్ అనిపించి అనవసరంగా రిచ్ చేసేశాను.

సైలెన్సర్ దగ్గర కూడా వినండి. రిచ్ అయితే మిస్సింగ్ ఒక లయలో వస్తుంది, పొగ నల్లగా ఉంటుంది. లీన్ అయితే లయ తప్పి చిందులు తొక్కినట్టు వస్తుంది, పొగకి రంగుండదు.

మిక్చర్ మారితే ఆర్‌పీఎమ్ మారుతుంది, దాంతో గాలి సమానం తప్పుతుంది. కాబట్టి గొట్టం మళ్ళీ చెవికి. ఈ రెండింటి మధ్య మూడు నాలుగు సార్లు తిరగాలి. తొందరపడితే కుదరదు. సమానం అయ్యాక రాడ్ల క్లిప్పులు బిగించి, 1500 ఆర్‌పీఎమ్‌లో ఇంకోసారి వినండి. స్లోలో సమానంగా ఉండి 1500లో తేడా వస్తే క్లిప్పులు సమానంగా బిగించలేదన్న మాట, ఒక థ్రాటిల్ ముందు తెరుచుకుంటోంది.

డ్యాంపర్‌లో పోయాల్సింది ఎస్‌ఏఈ 20 ఆయిలు. బైకు ఫోర్క్ ఆయిల్‌లో ఆ నంబరు దొరుకుతుంది. డ్యాంపర్ మూతని దించేటప్పుడు, మరలు అందడానికి పావు అంగుళం ముందే చేతికి అడ్డు తగిలితే ఆయిలు సరిపోయినట్టు. ఈ ఆయిలు అడుగంటితే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఎగిరిపోయి మిక్చర్ ఒక క్షణం లీన్ అవుతుంది, పికప్‌లో కుదుపు వస్తుంది. జెట్లు మార్చేద్దామనుకునే ముందు ఈ ఆయిలు చూడండి.

ఈ20 పెట్రోలు, మే నెల ఎండ

ఇథనాల్ లేని పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి సుమారు 13.5 చాలు. అంటే పాత సెట్టింగ్ మీద ఈ20 పోస్తే బండి దాదాపు 8 శాతం లీన్‌లో నడుస్తుంది. ఎత్తు, ఎండ దీనికి ఎదురు పనిచేస్తాయి. గాలి పలచబడితే మిక్చర్ రిచ్ వైపు జరుగుతుంది. 20 డిగ్రీల చలి నుంచి 42 డిగ్రీల ఎండకి వస్తే మూడు నాలుగు శాతం, 1,200 మీటర్లకు పైనే ఉన్న హార్స్‌లీ హిల్స్ ఎక్కితే ఇంకో ఐదారు శాతం. అందుకే చిత్తూరులో జనవరి పొద్దున లీన్‌గా తగిలే సెట్టింగే మే మధ్యాహ్నం కొండ మీద సరిపోతుంది. నేను చలికాలంలో నట్లు ఒక్కో ముఖం దింపుతాను, ఎండాకాలం మళ్ళీ ఎత్తుతాను.

ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయండి, ఫ్లోట్ నీడిల్ కొన ఇథనాల్‌కి తట్టుకునే వైటాన్ రబ్బరుది తీసుకోండి. బండిని నెలల తరబడి ఆపి ఉంచేటట్టయితే ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ నీరు అడుగున చేరి లోహాన్ని తింటుంది.

వేడి సంగతికొస్తే, కార్బరేటర్ల కింద ఉండే రేకు కవచాన్ని ఎప్పుడూ తీసేయకండి. కార్బరేటర్‌కీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య వేడి పాకనివ్వని మందపాటి దిమ్మెలు వేయండి. ఎంజీబీలో పెట్రోలు పంపు వెనక ట్యాంకు దగ్గర ఉండి ముందుకి తోస్తుంది కాబట్టి దారిలో ఆవిరి తక్కువ. అంబాసిడర్ పంపు ఇంజిన్ మీదే ఉండి లాగుతుంది. ఎండాకాలంలో డ్రైవర్లు దానికి తడిగుడ్డ చుట్టింది అందుకే. బండి ఆపి టీ తాగి వచ్చేలోపు ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరిగి ఇంజిన్‌లోకి పొంగుతుంది. అప్పుడు చోక్ లాగకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

రోడ్డు మీద తేల్చుకోవడం

షెడ్డులో సెట్ చేసింది స్లో స్పీడ్ ఒక్కటే. పైన ఎలా ఉందో సూది చెబుతుంది. నా ఇంజిన్‌కి స్టాండర్డ్ సూది 5 నంబరు, దానికన్నా రిచ్ 6, లీన్ 21. పిస్టన్ మీద ఎర్ర స్ప్రింగు. స్లోలో పిన్ను పరీక్ష సరిగ్గా ఉండి, ఎక్కుడులో బండి ఈడ్చుకుంటూ, ఇంజిన్ వేడెక్కుతూ, టకటక కొడుతుంటే పై భాగంలో లీన్. అప్పుడు నట్లు దింపకండి, సూది మార్చండి. నట్లు దింపితే పైన సరిపోయినా కింద నల్లపొగ వస్తుంది.

పలమనేరు చిత్తూరు కన్నా మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు. ఆ ఎక్కుడంతా ఇంజిన్ మీద మంచి లోడ్ ఉంటుంది. కానీ మొగిలి ఘాట్‌లో ఇంజిన్ ఆపి ప్లగ్గులు చూసే సాహసం వద్దు, లారీలు ఆగలేవు. పైకి చేరాక, ఖాళీగా ఉన్న పక్క రోడ్డులో మూడో గేర్‌లో గట్టిగా లాగి, క్లచ్ తొక్కి, ఇగ్నిషన్ ఆపి, పక్కకి ఆపండి. స్లోలో తిరగనిస్తే ప్లగ్గు రంగు మారిపోతుంది. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే తాళంచెవి లాక్ దాకా తిప్పకండి. ప్లగ్గు పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మంచిది, తెల్లగా మెరుస్తుంటే లీన్, మసి ఉంటే రిచ్. ఇప్పటి పెట్రోలు మీద రంగు పాతరోజులంత చిక్కగా రాదు, అది గుర్తుంచుకోండి. సైలెన్సర్‌లో మిక్చర్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది. దాన్ని లాంబ్డా అంకెలో (గాలి సరిపడా ఉంటే 1.0, అంతకన్నా తక్కువైతే రిచ్) చదవండి, అప్పుడు ఇథనాల్ గొడవ ఉండదు. ఫుల్ లోడ్‌లో 0.85 నుంచి 0.88, నిలకడగా పోయేటప్పుడు 1.0 దగ్గర.

సిలిండర్‌కి ఒక గొంతు చొప్పున వెబర్లు ఉన్నవాళ్ళు లెక్క ఇలా మొదలుపెట్టండి. 1600 సీసీ ఇంజిన్‌కి 32 మిల్లీమీటర్ల చోక్ ట్యూబు వేశారనుకుందాం. ఆ సైజుని నాలుగుతో హెచ్చిస్తే 128, కాబట్టి మెయిన్ జెట్ 130. దానికి 50 కలిపితే ఎయిర్ కరెక్టర్ 180. ఈ20 మీద మెయిన్ 135 దగ్గర తేలే అవకాశం ఎక్కువ. పెట్రోలు ప్రెషర్ మూడు, మూడున్నర పీఎస్‌ఐ దాటనివ్వకండి. దాటితే పొంగుతుంది. ఈ లెక్క ఎంజీబీ మీది ఒంటి 45కి వర్తించదు, అక్కడ ఒక్కో గొంతు రెండు సిలిండర్లకి గాలి ఇస్తుంది.

ఒకసారికి ఒకటే మార్చండి, మార్చింది రాసుకోండి. నా డాష్‌బోర్డు అరలో చిన్న నోటు పుస్తకం ఉంది. తేదీ, ఎండ ఎంత, ముందు కార్బరేటర్ ఎన్ని ముఖాలు, వెనకది ఎన్ని, ఏ సూది, ప్లగ్గుల రంగు. దాంతోపాటు ఒక మూర గొట్టం, చిన్న సీసాలో డ్యాంపర్ ఆయిలు, ఇంకో కండెన్సర్. గత మే నెలలో మొగిలి ఘాట్ ఎక్కిన రోజు పేజీలో ఇలా ఉంది: 41 డిగ్రీలు, ముందు పదమూడు, వెనక పదమూడు, 6 నంబరు సూది, నాలుగు ప్లగ్గులూ లేత గోధుమ, ఆగలేదు.